గెలుపెవరిదో ముందే చెప్పేవారు

అంతర్జాతీయ క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజున పలాస నుంచి టెక్కలి దాకా ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా వినిపించే మాట ఒక్కటే: "ఇవాళ ఎవరు గెలుస్తారు?" కాశీబుగ్గ బస్టాండులో ఆటోవాళ్లు, నౌపడ ఉప్పు మళ్లలో పనిచేసే కూలీలు, బారువ ఒడ్డున వలలు బాగుచేసుకునేవారు, జుమా నమాజు ముగించుకుని మసీదు మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కునే మన పిల్లలు, అందరూ ఈ విషయంలో పండితులే. పిచ్ మీద పచ్చిక ఉందా, రాత్రి మంచు పడుతుందా, ఎడమచేతి బ్యాట్స్‌మన్‌కు ఏ బౌలరంటే భయం, అన్నీ వారికి కంఠస్థం. ఈ శ్రద్ధలో పదో వంతు లెక్కల పుస్తకం మీద పెడితే బాగుండునని బడిపంతుళ్లుగా మాకు అనిపించడం సహజం. అయినా ఈ కబుర్లలో తప్పేమీ లేదని ముందే చెప్పేస్తున్నాం. ఆటను చూసి, ఆలోచించి, ఒక అభిప్రాయానికి రావడం బుద్ధి చేసే పని. బుద్ధి అల్లాహ్ ఇచ్చిన వరం.

ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే మనకు ఈ విషయంలో మూడు మాటలున్నాయి. అందాజా, తమన్నా, షర్త్. ఎవరు గెలుస్తారో లెక్కవేయడం అందాజా. తెలుగువారు కూడా అందాజుగా అంటూనే ఉంటారు. ఎవరు గెలవాలని మనసు కోరుకుంటుందో అది తమన్నా. డబ్బు కాయడం షర్త్, అంటే పందెం. ఈ మూడూ వేర్వేరు సంగతులు. మన పెద్దల కాలంలో వీటి మధ్య గోడలుండేవి. రేడియో దగ్గర కూర్చుని అందాజాలు వేసేవారు, తమ జట్టు ఓడితే అన్నం మానేసేవారు, కానీ పందెం కాయాలంటే ఎక్కడికి వెళ్లాలో చాలామందికి తెలియదు. ఇప్పుడు చేతిలోని ఫోను ఆ గోడలు కూల్చేసింది. స్కోరు చూపించే తెర మీదే గెలుపు అవకాశం ఇంత శాతమని కనిపిస్తుంది, దాని పక్కనే పందెం కాసే దారీ కనిపిస్తుంది. అందాజా వేసిన కుర్రవాడు రెండు వేళ్ల కదలికతో పందెంలోకి జారిపోతున్నాడు.

జారిన తరువాత ఏమవుతున్నదో పలాస వైపు కుటుంబాలకు మేము చెప్పనక్కరలేదు. జీడిపప్పు బట్టీలలో పిక్కలు కొట్టే తల్లి చేతులు జీడి నూనెకు నల్లబడి, తోలు ఊడిపోయి ఉంటాయి. ఆమె దాచుకున్న డబ్బు కొడుకు ఫోనులోంచి ఎవరికి వెళ్లిందో ఆమెకు తెలియదు. ఉద్దానంలో కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఇళ్లలో సంగతి ఇంకా కష్టం. అక్కడ పేరు, ఊరు అడిగినంత మామూలుగా "క్రియాటినిన్ ఎంత?" అని అడుగుతారు. కిడ్నీ జబ్బుతో ఉన్న తండ్రి మందుల కోసం పక్కన పెట్టిన సొమ్ము ఆ ఇళ్లలో ఉంటుంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి ప్రారంభమైంది గానీ, రానూపోనూ ఛార్జీలు, పోయిన కూలీ రోజు ఇంటివారివే. అలాంటి ఇంట్లో ఒక్క మ్యాచ్ మీద పోయిన రెండు వేలు పెద్ద మొత్తం.

అందువల్ల మొదట అందాజా సంగతే చూద్దాం. ఆటను బాగా తెలిసినవారు గెలుపెవరిదో నిజంగా చెప్పగలరా?

కొంతవరకు చెప్పగలరు. 2012లో న్యూజిలాండ్ టీవీలో వాస్ప్ అనే లెక్క మొదలైంది. కాంటర్‌బరీ విశ్వవిద్యాలయంలో తయారైన ఈ పద్ధతి, ఇన్ని ఓవర్లు మిగిలి ఇన్ని వికెట్లు చేతిలో ఉన్నప్పుడు జట్లు సాధారణంగా ఎక్కడికి చేరతాయో పాత మ్యాచ్‌ల నుంచి లెక్కగడుతుంది. అంతకుముందే, వర్షం ఆట ఆపినప్పుడు లక్ష్యం మార్చడానికి డక్‌వర్త్, లూయిస్ అనే ఇద్దరు ఆంగ్లేయులు ఇలాంటి ఆలోచనతోనే ఒక పద్ధతి చేశారు. 1997 జనవరి 1న జింబాబ్వే, ఇంగ్లండ్ మ్యాచ్‌లో దాన్ని తొలిసారి వాడారు. ఇవి మంచి లెక్కలే. అయితే 90 శాతం అని తెర మీద కనిపిస్తే దాని అర్థమేమిటో మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. ఇలాంటి స్థితి పదిసార్లు వస్తే తొమ్మిదిసార్లు గెలుస్తారు, ఒకసారి ఓడిపోతారు అని దాని అర్థం. ఆ ఒక్కసారి ఇవాళే కావచ్చు. 2024 జూన్ 29న టి-20 ప్రపంచ కప్ ఫైనల్లో దక్షిణాఫ్రికాకు 30 బంతుల్లో 30 పరుగులు కావాలి, ఆరు వికెట్లు చేతిలో ఉన్నాయి. ఆ క్షణాన భారత్ గెలుస్తుందని చెప్పినవాడిని పిచ్చివాడనేవారు. భారత్ 7 పరుగులతో గెలిచింది. లెక్క తప్పలేదు. పదిలో ఒకటి జరిగింది, అంతే.

మరొకటి చెప్పుకోవాలి, ఎందుకంటే అందులో హైదరాబాదు ఆటోడ్రైవరు కొడుకు ఉన్నాడు. 2025 ఆగస్టులో ఓవల్ టెస్టు. ఇంగ్లండ్‌కు 374 పరుగుల లక్ష్యం. ఒక దశలో 3 వికెట్లకు 301. అంతకుముందు 19 పరుగుల వద్ద హ్యారీ బ్రూక్ కొట్టిన బంతిని బౌండరీ దగ్గర ముహమ్మద్ సిరాజ్ పట్టుకున్నాడు, కానీ కాలు తాడు మీద పడింది. క్యాచ్ కాస్తా సిక్సరైంది. బ్రూక్ ఆ తరువాత సెంచరీ చేశాడు. ఇక అయిపోయిందని మన ఇళ్లలో టీవీలు కట్టేసినవారు ఎందరో. ఐదో రోజు ఉదయం, ఆగస్టు 4న, ఇంగ్లండ్‌కు కావలసింది 35 పరుగులే, నాలుగు వికెట్లున్నాయి. భారత్ 6 పరుగులతో గెలిచింది. చివరి వికెట్ సిరాజ్‌దే, ఆ ఇన్నింగ్స్‌లో అతనికి ఐదు వికెట్లు. నాలుగో రోజు సాయంత్రం ఏ పండితుడైనా ఏం చెప్పి ఉండేవాడు?

కాస్త వెనక్కి వెళ్తే 2007 మార్చి 17 ఉంది. వెస్టిండీస్‌లో ప్రపంచ కప్. ఆ ఒక్కరోజే భారత్‌ను బంగ్లాదేశ్, పాకిస్తాన్‌ను ఐర్లండ్ ఓడించాయి. రెండు పెద్ద జట్లూ తొలి దశలోనే ఇంటికి వచ్చాయి. 1983లో భారత్ కప్పు గెలుస్తుందని కాసినవారికి లండన్ పందెగాళ్లు ఒకటికి 66 ఇస్తామన్నారు. అంటే అది జరగదని వారి నమ్మకం. పందెం వ్యాపారమే వృత్తిగా ఉన్నవారి అందాజా అలా తప్పినప్పుడు, పదో తరగతి తప్పి ఫోను పట్టుకున్న కుర్రవాడి అందాజా ఎంత?

"వరుసగా ఓడారు కాబట్టి ఈసారి తప్పక గెలుస్తారు" అనే మాట కూడా మనం రోజూ వింటాం. దీనికి మన విశాఖపట్నంలోనే ఒక జవాబు దొరికింది. 2023 ప్రపంచ కప్ ఫైనల్ మొదలు భారత జట్టు వన్డేల్లో వరుసగా 20 టాస్‌లు ఓడిపోయింది. నాణెం అలా 20 సార్లు వ్యతిరేకంగా పడే అవకాశం పది లక్షలకు పైచిలుకు సార్లలో ఒక్కసారి. పది ఓడినప్పుడు "ఇక పదకొండోది మనదే" అనుకున్నవారు పొరపడ్డారు. పదిహేను దాటినప్పుడు అనుకున్నవారూ పొరపడ్డారు. నాణేనికి జ్ఞాపకం ఉండదు. చివరకు 2025 డిసెంబరు 6న విశాఖలో దక్షిణాఫ్రికా మీద కె.ఎల్. రాహుల్ టాస్ గెలిచాడు. ఆ రోజు కూడా అవకాశం సగానికి సగమే.

ఇంత అనిశ్చితమైన వ్యవహారంలో కచ్చితంగా చెబుతామని డబ్బు తీసుకునేవారు ఎలా బతుకుతున్నారు? పిల్లల ఫోన్లకు వచ్చే సందేశాల కిటుకు ఏమిటో తల్లిదండ్రులు ఒక్కసారి కాగితం మీద వేసి చూడాలి. ఒక మోసగాడు 3200 ఫోన్ నంబర్లు సంపాదిస్తాడు. 1600 మందికి "భారత్ గెలుస్తుంది" అని, మిగతా 1600 మందికి "ఆస్ట్రేలియా గెలుస్తుంది" అని పంపిస్తాడు. పైసా అడగడు. మ్యాచ్ అయ్యాక తప్పు సందేశం అందుకున్న సగం మందిని వదిలేస్తాడు. మిగిలిన 1600 మందిని మళ్లీ రెండు భాగాలు చేస్తాడు. రెండో మ్యాచ్ తరువాత 800, మూడో దాని తరువాత 400, తరువాత 200, ఐదో మ్యాచ్ తరువాత 100. ఈ వంద మందికి ఆ మోసగాడు వరుసగా ఐదు మ్యాచ్‌లు ఒక్కటీ తప్పకుండా చెప్పిన మహానుభావుడు! "లోపలి సమాచారం ఉంది, ఆరో మ్యాచ్‌కు ఐదు వేలు పంపు" అంటే వారు అప్పు చేసైనా పంపుతారు. వాడికి క్రికెట్ తెలియనవసరం లేదు. బ్యాటు ఏ చేత్తో పట్టుకుంటారో తెలియకపోయినా ఈ వ్యాపారం నడుస్తుంది. తమ్ముడో, కొడుకో "అమ్మీ, ఇతను చెప్పింది ఐదుసార్లు నిజమైంది" అని చెబితే, తప్పిన 3100 మంది ఎక్కడున్నారని అడగండి.

ఇక పందెం కట్టించుకునేవాడు. వాడు ఎవరు గెలుస్తారో అసలు పట్టించుకోడు. రెండు జట్లూ సమానమనుకున్న మ్యాచ్‌లో నూరు రూపాయలకు 90 ఇస్తానంటాడు. పదిమంది ఇటు, పదిమంది అటు నూరేసి కాస్తే ఓడినవారి దగ్గర వెయ్యి వసూలవుతుంది, గెలిచినవారికి 900 పోతుంది. నూరు రూపాయలు వాడి జేబులో. ఎవరు గెలిచినా వాడిదే గెలుపు. కుర్రవాడి వైపు నుంచి చూడండి. నూరు మ్యాచ్‌లకు నూరేసి కాసి సరిగ్గా సగం నెగ్గితే వచ్చేది 4500, పోయేది 5000. 52 నెగ్గినా 120 రూపాయల నష్టమే. పైసా మిగలాలంటే నూటికి 53 నెగ్గాలి. సంవత్సరాల తరబడి అలా నెగ్గడం ఎంత కష్టమో పైన చెప్పిన మ్యాచ్‌లే చెబుతున్నాయి.

పందెం డబ్బు ఆటలోకి ప్రవేశిస్తే ఆటే పాడవుతుందని కూడా మనం చూశాం. 2000 ఏప్రిల్‌లో ఢిల్లీ పోలీసులు ఫోన్ సంభాషణలు బయటపెట్టినప్పుడు దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోనే మొదట కాదన్నాడు, తరువాత డబ్బు తీసుకున్నానని ఒప్పుకున్నాడు. అదే సంవత్సరం పాకిస్తాన్‌లో జస్టిస్ ఖయ్యూం నివేదిక సలీం మాలిక్, అతావుర్ రెహ్మాన్‌ల మీద జీవితకాల నిషేధం కోరింది. డిసెంబరులో మన హైదరాబాదీ అజహరుద్దీన్‌పై భారత బోర్డు జీవితకాల నిషేధం విధించింది. ఆ నిషేధం చట్టరీత్యా చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012 నవంబరులో తీర్పు చెప్పేసరికి 12 ఏళ్లు గడిచిపోయాయి. 2010లో లార్డ్స్ టెస్టులో పాకిస్తాన్ బౌలర్లు ఇద్దరు ముందే చెప్పిన బంతులకు నోబాల్ వేశారు. మరుసటి ఏడాది లండన్ న్యాయస్థానం ఆ ఇద్దరితో పాటు కెప్టెన్ సల్మాన్ బట్‌ను కూడా జైలుకు పంపింది. ఏ బంతి నోబాల్ అవుతుందో అంత కచ్చితంగా ముందే తెలిసిన సందర్భం మాకు మరొకటి గుర్తు రావడం లేదు. కొన్న బంతి గనుక తెలిసింది.

అయితే ముందుగా చెప్పడమంతా మోసమేనా అని అడగవచ్చు. కాదు. అందుకు మన తీరమే సాక్ష్యం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. వస్తున్నదని వాతావరణ శాఖ ముందే చెప్పింది, జనం పక్కా భవనాలకు వెళ్లారు. కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి, చెట్లను ఎక్కడికీ తరలించలేం. కానీ ఆ హెచ్చరిక లేకపోతే ప్రాణనష్టం ఎంత ఉండేదో ఊహించడానికి 1999 ఒడిశా పెను తుపాను చాలు, అందులో పదివేల మంది దాకా పోయారు. వాతావరణ శాఖ చెప్పేది కూడా అందాజానే. కానీ తన అంచనాకు, తుపాను నిజంగా దాటిన చోటుకు ఎన్ని కిలోమీటర్ల తేడా వచ్చిందో ఆ శాఖ లెక్క ప్రచురిస్తుంది. టిప్పులమ్మేవాడు తప్పిన సందేశాన్ని చెరిపేస్తాడు. ఎవరి మాట నమ్మవచ్చో తేల్చుకోవడానికి ఈ ఒక్క తేడా సరిపోతుంది.

ఇక ధర్మం మాట. జూదం హరాం అని మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ దివ్య ఖుర్‌ఆన్‌లో సూరె మాయిదా 90వ ఆయతును చదివేటప్పుడు ఒక సంగతిని మనం అంతగా గమనించం. అక్కడ సారాయితో, జూదంతో పాటు జోస్యపు బాణాల ప్రస్తావన కూడా ఉంది. అరబ్బులు ఏ పని తలపెట్టినా బాణాలు లాగి మంచిచెడ్డలు తెలుసుకునేవారు. జోస్యమూ జూదమూ ఒకే ఆయతులో పక్కపక్కన నిలబడ్డాయి. ఆ వెంటనే వచ్చే ఆయతు, ఇవి మనుషుల మధ్య పగను పెంచుతాయని, నమాజుకు దూరం చేస్తాయని హెచ్చరిస్తుంది. రాత్రి ఏడున్నరకు మొదలయ్యే మ్యాచ్ మీద డబ్బు కాసినవాడి ఇషా నమాజు ఎక్కడ ఉంటుందో వేరే చెప్పాలా? రేపు తాను ఏం సంపాదిస్తాడో మనిషికి తెలియదనే విషయం సూరె లుఖ్మాన్ చివర ఉంది. పందెం కాసేవాడు తనకు తెలుసునంటున్నది సరిగ్గా అదే.

మదర్సాలో నాలుగు కితాబులు తిరగేసిన కుర్రవాళ్లు కొందరు ఇక్కడొక ప్రశ్న వేస్తారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) కూడా గెలుపెవరిదో చెప్పి పందెం కాశారు కదా అని. నిజమే, ఈ సంఘటన హదీసుల్లో, తఫ్సీర్ గ్రంథాల్లో ఉంది. పర్షియన్ల చేతిలో రోమన్లు చిత్తుగా ఓడినప్పుడు మక్కా బహుదైవారాధకులు సంబరపడ్డారు. కొద్ది సంవత్సరాల్లో రోమన్లు తిరిగి గెలుస్తారని సూరె రూమ్ తెలిపింది. ఆ మాట మీద హజ్రత్ అబూబక్ర్ ఒంటెలు పందెం కట్టారు. ఆయన పెట్టిన గడువు తక్కువైందని, ఆ ఆయతులోని పదానికి మూడు నుంచి తొమ్మిదేళ్ల దాకా అర్థం ఉందని దైవప్రవక్త (సల్లం) చెప్పగా, గడువు పెంచారు. రోమన్లు గెలిచారు. ఇది జూదాన్ని నిషేధించక ముందు జరిగింది. పైగా ఆయన చేతిలో ఉన్నది దైవవాణి, పిచ్ రిపోర్టు కాదు. గెలిచిన ఒంటెలను కూడా దానం చేసెయ్యమని ప్రవక్త (సల్లం) ఆదేశించారని కొన్ని ఉల్లేఖనాలు చెబుతున్నాయి. నిశ్చయమైన జ్ఞానంతో గెలిచినది కూడా దానానికే పోయిందంటే, ఫోనులో వచ్చిన టిప్పుతో గెలిచినది ఇంటికి ఎలా తెచ్చుకుంటాం?

వ్యాపారులు వేసే ప్రశ్న ఇంతకంటే బలమైనది. ఉద్దానం రైతు 80 కిలోల పిక్కల బస్తా ఇవాళ అమ్మాలా, ధర పెరిగేదాకా ఆగాలా అని అందాజా వేస్తాడు. పలాస వ్యాపారి ఆఫ్రికా పిక్కలు ఎంతకు వస్తాయో అందాజా వేసి కొంటాడు. ఇద్దరిలో ఒకరు నష్టపోవచ్చు. ఇదీ జూదమే కదా? కాదని మేము అంటాం. అక్కడ బస్తాలో పిక్కలున్నాయి. వాటిని కాల్చి, కొట్టి, తొక్క తీసి, గ్రేడు చేస్తే ఎవరి వంటింట్లోనో పప్పు చేరుతుంది, మధ్యలో వందల ఆడవాళ్లకు కూలి దొరుకుతుంది. ఒకరు లాభపడాలంటే మరొకరు మునగనవసరం లేదు. పందెంలో నేను గెలిచిన ప్రతి రూపాయీ మరొకడు ఓడిన రూపాయే. మధ్యలో ఒక్క గింజ కూడా పండదు. అలాగని వ్యాపారంలో అన్ని అందాజాలూ చెల్లవు. పండు పక్వానికి రాకముందే పంటను అమ్మడాన్ని ప్రవక్త (సల్లం) వారించారు. జీడి పూత దశలోనే తోటను అమ్ముకుని, తుపాను వస్తే కొన్నవాడు, పంట విరగకాస్తే అమ్మినవాడు ఏడ్చే పద్ధతి గురించి మన రైతులు ఆలోచించవలసింది చాలా ఉంది. దాని మీద వేరే వారం రాస్తాం.

మనవాళ్లను వేరుగా బాధించే సంగతి మరొకటుంది. శ్రీకాకుళం జిల్లాలో ముస్లిం కుటుంబాలు చాలా తక్కువ. తరగతిలో ఒక్కడే ముస్లిం పిల్లవాడు ఉండడం మామూలు. భారత్, పాకిస్తాన్ మ్యాచ్ రోజున "ఎవరు గెలుస్తార్రా?" అని వాడినే అడుగుతారు. ఆ ప్రశ్న పైకి అందాజా గురించే, లోపల మాత్రం తమన్నా గురించి. పాకిస్తాన్ బౌలింగ్ బాగుందని వాడు ఆట తెలిసి చెబితే దాన్ని కోరికగా లెక్కగడతారు. 2021 అక్టోబరు 24 ముందు దాకా ప్రపంచ కప్‌లలో రెండు జట్లూ 12 సార్లు తలపడితే 12 సార్లూ భారతే గెలిచింది, అందరి అందాజా ఆ రోజూ అదే. దుబాయ్‌లో పాకిస్తాన్ పది వికెట్లతో గెలిచింది. ఆ రాత్రి నుంచే జట్టులోని ముస్లిం ఆటగాడు ముహమ్మద్ షమీని దూషించడం మొదలైంది. కెప్టెన్ విరాట్ కోహ్లీ బహిరంగంగా షమీ పక్షాన నిలబడ్డాడు. రెండేళ్ల తరువాత 2023 ప్రపంచ కప్‌లో అందరికంటే ఎక్కువగా 24 వికెట్లు తీసినవాడు ఈ షమీనే. మన పిల్లలకు మేము చెప్పేదేమిటంటే, దేశం గెలవాలని కోరుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, ఎదుటి జట్టు బలాన్ని ఉన్నదున్నట్టు చెప్పడానికి భయపడనూ అక్కరలేదు. ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం: ఆ ప్రశ్న తరగతిలో అందరినీ అడగండి, లేదా ఎవరినీ అడగకండి.

చట్టం సంగతీ తెలుసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో జూదం మీద 1974 నాటి చట్టం ఉంది. 2020లో దాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని కూడా చేర్చారు. ఇక్కడ ఆడేవారికీ శిక్ష ఉంది. దేశమంతటికీ వర్తించేలా పార్లమెంటు 2025 ఆగస్టులో మరో చట్టం చేసింది. డబ్బుతో ఆన్‌లైన్ ఆటలు నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. వాటికి ప్రకటనలిచ్చినా రెండేళ్ల వరకు జైలు. భారత జట్టు చొక్కాల మీద పేరున్న డ్రీమ్ ఎలెవన్ సంస్థ వెంటనే డబ్బు పోటీలు ఆపేసింది, ఆ పేరు చొక్కాల మీద నుంచి కూడా పోయింది. ఒకప్పుడు సినిమా తారలు, క్రికెటర్లు టీవీలో "ఆడండి" అని పిలిచిన ఆటలే ఇవి. విదేశాల నుంచి నడిచే సైట్లు, ఫోను గ్రూపులు మాత్రం ఒక చోట మూస్తే మరో చోట తెరుచుకుంటున్నాయి. డబ్బు మోసపోయినవారు 1930 నంబరుకు ఎంత త్వరగా ఫోను చేస్తే అంత మంచిది, బ్యాంకులో ఆపగలిగే సమయం కొన్ని గంటలే.

పందెంలో ఇరుక్కున్న పిల్లవాడు ఇంట్లో చెప్పలేక ఎక్కడికో పారిపోవడమో, ప్రాణం మీదకు తెచ్చుకోవడమో మనం పత్రికల్లో చదువుతున్నాం. కనుక తండ్రులు మొదట వాడి మాట వినాలి, చెయ్యి ఎత్తడం తరువాత సంగతి. అసలు ఎత్తకపోతే ఇంకా మేలు. రాత్రిళ్లు నిద్రపోని పిల్లవాడి కోసం 14416 నంబరులో తెలుగులో కూడా మాట్లాడతారు, ఖర్చేమీ లేదు.

బాకీ వసూలుకు గుమ్మం ముందుకు వచ్చేవారిని చూసి తోట అమ్మడానికి సిద్ధపడకండి. 1872 నాటి ఒప్పందాల చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. పందెంలో ఓడిన డబ్బు ఇమ్మని ఏ కోర్టులోనూ దావా వేయలేరు. బెదిరిస్తే పోలీసు స్టేషనుకు వెళ్లవలసింది మీరే. అయితే పందెం కోసం స్నేహితుడి దగ్గరో, బంధువు దగ్గరో చేబదులు తీసుకున్నది వేరు. అది నిజమైన అప్పు, అసలు తీర్చి తీరాలి. షరీఅత్ కూడా అదే అంటుంది. గెలిచిన సొమ్ము ఇంకా చేతిలో ఉన్నవారు ఏం చేయాలి? ఓడినవాడు ఎవరో తెలిస్తే వాడికి తిరిగి ఇవ్వాలి. తెలియకపోతే, పుణ్యం ఆశించకుండా పేదవారికి ఇచ్చేయాలని ఉలమా చెబుతారు. మసీదు చందా పెట్టెలో మాత్రం వేయకూడదు, వుజూఖానా కుళాయి బాగుచేయించడానికైనా సరే.